స్టీరియో మార్చే ముందు డోర్ విప్పి చూడండి

ప్రశ్న: సార్, మాది ఎనిమిదేళ్ల పాత చిన్న హ్యాచ్‌బ్యాక్. కంపెనీ స్టీరియోనే ఉంది, బ్లూటూత్, యూఎస్‌బీ పనిచేస్తాయి. నాలుగు డోర్లలోనూ కంపెనీ స్పీకర్లే. వాల్యూమ్ సగం దాటితే గొంతు చీలినట్టు వస్తుంది, బేస్ పెంచితే డోర్ గడగడలాడుతుంది. షాపులో అడిగితే పెద్ద టచ్ స్క్రీన్, నాలుగు కొత్త స్పీకర్లు, డిక్కీలో బేస్ ట్యూబ్ (గొట్టం ఆకారంలో ఉండే బేస్ స్పీకర్), అన్నీ కలిపి ఒక ప్యాకేజీ చెప్పారు. నా దగ్గర ఉన్నది అందులో మూడో వంతు. ఆ డబ్బుతో ఏమైనా బాగుపడుతుందా, లేక ఇంకొన్నాళ్లు ఆగి ఒకేసారి చేయించుకోవడం మంచిదా?

సమాధానం: తప్పకుండా బాగుపడుతుంది, ఆగక్కర్లేదు. మీరు చెప్పిన రెండు లక్షణాలకీ, అంటే గొంతు చీలడానికీ డోర్ గడగడలాడడానికీ, ఆ ప్యాకేజీలో మందు ఉన్నది ముందు స్పీకర్ల దగ్గరే, అది కూడా వాటిని పద్ధతిగా బిగిస్తేనే. పెద్ద స్క్రీన్ వస్తే మ్యాప్ బాగా కనిపిస్తుంది, రివర్స్ కెమెరా పెట్టుకోవచ్చు, వాటి కోసం కావాలంటే ఎప్పుడైనా కొనుక్కోండి. పాట బాగా వినిపించాలన్నదే మీ కోరిక అయితే బడ్జెట్ మొత్తం ముందు రెండు డోర్ల మీద పెట్టండి. వెనక డోర్లు, స్క్రీన్, ట్యూబ్ ఇప్పటికి పక్కన పెట్టేయండి.

ముందు పైసా ఖర్చు లేని పని. స్టీరియోలో బేస్, ట్రెబుల్ రెండూ సున్నా మీదికి తెండి. లౌడ్‌నెస్ అనో బేస్ బూస్ట్ అనో ఏదైనా ఉంటే ఆపేయండి. ఫోన్లో ఈక్వలైజర్ ఆన్‌లో ఉంటే అదీ తీసేయండి, ఎందుకంటే చాలామందికి ఫోన్లో ఒకసారి, పాటల యాప్‌లో ఒకసారి, స్టీరియోలో ఇంకోసారి, మూడు చోట్లా బేస్ పెంచి ఉంటుంది, ఎప్పుడు పెంచారో వాళ్లకే గుర్తుండదు. బ్లూటూత్‌లో వినేటప్పుడు ఫోన్ వాల్యూమ్ దాదాపు ఫుల్‌లో ఉంచి, పెంచడం తగ్గించడం స్టీరియో దగ్గరే చేయండి. యాప్‌లో డేటా సేవర్ ఆన్‌లో ఉంటే పాట తక్కువ క్వాలిటీలో వస్తుంది, అది కూడా చూసుకోండి. ఇవన్నీ అయ్యాక మీకు బాగా అలవాటైన పాట ఒకటి మంచి ఫైలుగా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని అదే వాల్యూమ్‌లో వినండి. పెన్‌డ్రైవ్‌లో శుభ్రంగా వచ్చి ఫోన్లో రాకపోతే తప్పు స్పీకర్లది కాదని తేలిపోతుంది.

సెట్టింగుల గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. కంపెనీ స్టీరియో లోపల ఉండేది ఒక చిన్న ఆంప్లిఫయర్ చిప్. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారులో వోల్టేజీ 14 దగ్గర ఉంటుంది. దానితో 4 ఓమ్స్ స్పీకర్‌కి ఆ చిప్ శుభ్రంగా ఇవ్వగలిగేది చానెల్‌కి 18, 20 వాట్లు, అంతే. స్టీరియో మీద 50×4 అని రాసి ఉన్నా సరే, అది పీక్ లెక్క, అంటే ఒక్క క్షణం వచ్చే గరిష్ఠం, 14.4 వోల్టుల మీద కాగితం మీద లెక్క కట్టినా శుభ్రమైన పవర్ 26 వాట్లు దాటదు. ఇప్పుడు మీరు బేస్‌ని 10 డెసిబెల్స్ పెంచారనుకోండి, ఆ బేస్ వరకు పది రెట్ల పవర్ కావాలి. 3 వాట్లతో సరిపోయే చోట 30 వాట్లు అడుగుతారు, చిప్ దగ్గర అంత లేదు, అప్పుడది సిగ్నల్ కొనలు కత్తిరించి పంపిస్తుంది. గొంతు కూడా అదే వైరులో వస్తుంది కాబట్టి డ్రమ్ దెబ్బ పడినప్పుడల్లా గొంతు చీలుతుంది. అన్నీ సున్నా మీదికి తెచ్చాక చీలడం ఆగిపోతే మీ స్పీకర్లు ఇంకా బతికే ఉన్నట్టు. ఆగకపోతే బ్యాలెన్స్ ఎడమకీ కుడికీ, ఫేడర్ ముందుకీ వెనక్కీ తిప్పి నాలుగింటినీ విడివిడిగా వినండి, ఎనిమిదేళ్ల కాగితం కోన్లలో (స్పీకర్‌లో ముందుకీ వెనక్కీ కదిలే గిన్నెలాంటి భాగం) ఒకటో రెండో అంచు దగ్గర విడిపోయి ఉండడం మామూలే.

ఇక అసలు విషయం, డోర్. ఇంట్లో స్పీకర్‌కి చెక్క పెట్టె ఉంటుంది, కారులో ఆ పెట్టె పని డోరే చేయాలి. కానీ డోర్‌ని తయారుచేసింది అద్దం దిగడానికీ తాళం పడడానికీ, పాటలు వినడానికి కాదు. బయటి రేకు పల్చగా ఉంటుంది, లోపలి రేకులో చెయ్యి దూరేంత కన్నాలు ఉంటాయి, వాటి మీద ఒక ప్లాస్టిక్ షీటు అంటించి వదిలేస్తారు. స్పీకర్ కోన్ ముందుకి కదిలినప్పుడు ముందు గాలి ఒత్తుకుంటుంది, వెనక గాలి పల్చబడుతుంది, అంటే ముందు శబ్దమూ వెనక శబ్దమూ ఒకదానికొకటి ఎదురు. వెనక శబ్దం ఆ కన్నాల్లోంచి చుట్టూ తిరిగొచ్చి ముందు శబ్దంతో కలిసిందంటే రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. బేస్‌కి ఈ దెబ్బ మరీ ఎక్కువ. అందుకని బేస్ చాలట్లేదనిపించి మీరు పెంచుతారు, పెంచితే చిప్ చాలక చీలుతుంది, అదే ఊపుకి పల్చటి రేకు మోగుతుంది. మీ రెండు సమస్యలకీ వేరు ఒకటే. ఎంత మంచి స్పీకర్ తెచ్చినా అదే కన్నంలో, అదే వదులు ప్లాస్టిక్ మీద నాలుగు స్క్రూలతో బిగిస్తే బేస్ మళ్లీ అలాగే ఉంటుంది. షాపుల్లో ఈ మాట పెద్దగా చెప్పరు, ఎందుకంటే డోర్ పనికి టైం పడుతుంది, బయటికి కనిపించేది ఏమీ ఉండదు.

డోర్ ప్యాడ్ విప్పడం మీరు అనుకున్నంత కష్టం కాదు. హ్యాండిల్ గుంటలో ఒకటి రెండు స్క్రూలు చిన్న మూత కింద దాక్కుని ఉంటాయి, లోపలి లాక్ హ్యాండిల్ దగ్గర ఇంకొకటి, తర్వాత చుట్టూ ప్లాస్టిక్ క్లిప్పులు. మీ మోడల్ పేరు కొట్టి వీడియో వెతికితే స్క్రూలు ఎక్కడున్నాయో కనిపిస్తుంది, అది చూశాకే చెయ్యి పెట్టండి. ప్యాడ్‌కి గీత పడకుండా ప్లాస్టిక్ రిమూవర్ వాడండి. ఒకటి రెండు క్లిప్పులు విరగడం ఖాయం, ముందే అదనంగా తెచ్చిపెట్టుకోండి. పని మొదలుపెట్టే ముందు ఇగ్నిషన్ ఆపి బ్యాటరీ నెగటివ్ తీసేసి కొన్ని నిమిషాలు ఆగండి, ఎందుకంటే కొన్ని కార్లలో సైడ్ ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ డోర్ లోపలే ఉంటుంది, కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్) పీకి ఉండగా ఇగ్నిషన్ ఆన్ చేస్తే డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి అలాగే ఉండిపోవచ్చు. పసుపు రంగు కప్లర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌దే అనుకుని దాని జోలికి పోకండి.

లోపల పాత స్పీకర్ చూస్తే మీకే అర్థమవుతుంది, నాణెం కంటే కాస్త పెద్ద మాగ్నెట్, ప్లాస్టిక్ ఫ్రేము, పల్చటి కాగితం. బయటి రేకు మీద వేలి కణుపుతో కొట్టండి, టంగుమని మోగుతుంది. ఆ రేకు లోపలి వైపు అంటించాల్సింది అల్యూమినియం పొర ఉన్న బ్యూటైల్ రబ్బరు డ్యాంపింగ్ షీటు, అంటే మోత ఆపే షీటు. ముందు దుమ్మూ జిడ్డూ పోయేలా స్పిరిట్‌తో తుడవండి, షీటు పెట్టాక చిన్న రోలర్‌తో గట్టిగా ఒత్తండి, పైనున్న గళ్ల డిజైన్ చదునయ్యేదాకా. రేకంతా కప్పాల్సిన పని లేదు. మధ్యలో, స్పీకర్ వెనక, మొత్తం మీద పావు వంతు నుంచి సగం వరకు పడితే చాలు, మోత చచ్చిపోతుంది. మళ్లీ కొట్టి చూడండి, ఈసారి దబ్బుమంటుంది. ఆ తేడా వినగానే మీకే హుషారు వస్తుంది. చవగ్గా వస్తుందని ఇంటి కప్పులకి వాడే తారు షీటు మాత్రం తేవద్దు, ఎండలో నిలబెట్టిన కారులో అది మెత్తబడి జారుతుంది, వాసన వారాల తరబడి పోదు.

తర్వాత లోపలి రేకు కన్నాలు మూయాలి. చిన్నవాటికి షీటు ఒక్కటే చాలు, పెద్దవాటికి ముందు పల్చటి అల్యూమినియం రేకో గట్టి ప్లాస్టిక్ ముక్కో పెట్టి దాని మీద షీటు వేయండి. ఇక్కడ రెండు జాగ్రత్తలు. డోర్ అడుగున నీళ్లు పోవడానికి సన్నటి కన్నాలుంటాయి, వాటిని పొరపాటున కూడా మూయకండి, నీరు నిలిచిందంటే డోర్ లోపలి నుంచి తుప్పు పడుతుంది. అద్దం దిగే దారిలో, లాక్ రాడ్ల దగ్గర షీటు అంచు తగలకుండా చూసుకోండి, అద్దం పైకీ కిందికీ పూర్తిగా నడిపి చూశాకే ప్యాడ్ పెట్టండి. లాక్ రాడ్లకీ వేలాడే వైర్లకీ పల్చటి ఫోమ్ చుడితే సగం గలగల అక్కడే ఆగుతుంది.

మిగిలిన గలగల ఎక్కడుందో పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది, నాకు ఇందులో ఇదే ఇష్టమైన భాగం. 30 నుంచి 200 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే టోన్ ఫైలు దొరుకుతుంది, దాన్ని ఓ మోస్తరు వాల్యూమ్‌లో పెట్టి డోర్ మీద చెయ్యి ఆన్చి కూర్చోండి. ఒక చోట అద్దాల స్విచ్ ప్యానెల్ మోగుతుంది, ఇంకో చోట గ్రిల్, ఇంకో చోట బాటిల్ పెట్టే అర. ఎక్కడ నొక్కితే ఆగుతుందో అక్కడ ఫోమ్ టేపు ముక్క పెట్టండి. డోర్ అనుకున్న మోత డ్యాష్‌బోర్డు మీద సామానుదో నంబర్ ప్లేటుదో అయ్యే సందర్భాలు చాలా ఉంటాయి, నాణేలు, తాళాలు ముందే తీసేయండి.

స్పీకర్ల ఎంపికకి వద్దాం. ముందుకి ఒక మంచి జత, అంతే. సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్, అంటే ట్వీటర్, విడిగా ఉండే కాంపొనెంట్ సెట్ అయితే శబ్దం కాళ్ల దగ్గర నుంచి కాకుండా కాస్త పైనుంచి వస్తున్నట్టు ఉంటుంది. మీ కారులో అద్దం మూల దగ్గర ట్వీటర్‌కి చోటుంటే ఆ దారి పట్టండి, లేకపోతే ట్వీటర్ మధ్యలోనే ఉండే కోయాక్సియల్ తీసుకోండి, దానికి చిన్నబుచ్చుకోవాల్సింది ఏమీ లేదు. ముందు స్తంభంలో ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే ఆ ప్లాస్టిక్‌కి కన్నం పెట్టి ట్వీటర్ బిగించడం, దాని ముందు నుంచి వైరు లాగడం ఎవరు చెప్పినా చేయించుకోవద్దు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నప్పుడు ఆ ట్వీటరే మొహానికి తగులుతుంది.

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే 300 వాట్స్, 400 వాట్స్ చూడకండి. మీరు చూడాల్సింది సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన కాస్త పవర్‌తో స్పీకర్ ఎంత శబ్దం చేస్తుందో చెప్పే అంకె. 88 డెసిబెల్స్ స్పీకర్‌కి బదులు 91 ఉన్నది తెచ్చుకుంటే అదే 20 వాట్లతో, ఆంప్‌ని రెండింతలు చేసినంత శబ్దం వస్తుంది, ఎందుకంటే 3 డెసిబెల్స్ అంటే పవర్‌లో రెండు రెట్లు. మీలా కంపెనీ స్టీరియోతోనే నడిపేవాళ్లకి ఇంతకంటే పనికొచ్చే అంకె ఇంకొకటి లేదు. ఒక కిటుకు గమనించండి, కొందరు ఈ అంకెని 1 వాటుతో కొలుస్తారు, కొందరు 2.83 వోల్టులతో కొలుస్తారు. 4 ఓమ్స్ స్పీకర్‌కి 2.83 వోల్టులంటే 2 వాట్లు, కాబట్టి రెండో పద్ధతిలో అంకె 3 ఎక్కువగా కనిపిస్తుంది. పోల్చేటప్పుడు రెండూ ఒకే పద్ధతిలో కొలిచినవేనా చూసుకోండి.

కొనే ముందు లోతు కొలవండి. అద్దం పూర్తిగా దించి, స్పీకర్ కూర్చునే చోటు నుంచి అద్దం వరకు ఎంతుందో చూసుకోండి, పెద్ద మాగ్నెట్ అద్దానికి తగిలితే స్పీకరూ పోతుంది, అద్దమూ పోతుంది. డోర్‌కీ స్పీకర్‌కీ మధ్య గట్టి రింగ్ వేయించండి. ఎండీఎఫ్ చెక్క రింగ్ అయితే నీళ్లు తగలకుండా నాలుగు వైపులా పెయింటో వార్నిషో పట్టించాలి, లేకపోతే ఉబ్బిపోతుంది, గట్టి ప్లాస్టిక్ రింగ్ అయితే ఆ బాధ లేదు. రింగ్ వెనకా, స్పీకర్ ముందు ప్యాడ్ గ్రిల్‌కి ఆనేలా కూడా ఫోమ్ చుట్టు పెట్టండి, శబ్దం ప్యాడ్ లోపల ఇరుక్కుపోకుండా బయటికి వస్తుంది. కంపెనీ వైరు కోయనివ్వకండి. మీ కారు కప్లర్‌కి సరిపోయే అడాప్టర్ వైరు చవగ్గానే దొరుకుతుంది, రేపు కారు అమ్మేటప్పుడు పాత స్పీకర్లు తిరిగి పెట్టేయొచ్చు.

ప్లస్, మైనస్ తారుమారైతే ఇంత పనీ వృథా. రెండు స్పీకర్లలో ఒకటి తిరగబడితే ఒకటి ముందుకి కదిలేటప్పుడు ఇంకొకటి వెనక్కి కదులుతుంది, బేస్ మాయమవుతుంది, గొంతు ఎక్కడినుంచి వస్తుందో తెలియదు. స్పీకర్‌ని స్టీరియో నుంచి విడదీసి మామూలు 1.5 వోల్ట్ బ్యాటరీని ఒక్క క్షణం తాకించండి, బ్యాటరీ ప్లస్ స్పీకర్ ప్లస్‌కి తగిలినప్పుడు కోన్ బయటికి రావాలి. రెండు వైపులా ఒకేలా వస్తే సరే.

వెనక స్పీకర్లు ఇప్పుడున్నవే ఉండనివ్వండి, ఫేడర్ రెండు మూడు మెట్లు ముందుకి జరపండి చాలు. మీరు కూర్చునేది ముందు, పాట ముందునుంచే రావాలి. స్టీరియో సెట్టింగుల్లో హై పాస్ ఫిల్టర్ (పెట్టిన అంకె కంటే కింది శబ్దాల్ని ఆపేది) దొరికితే 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. అంతకంటే కింది బేస్ డోర్ స్పీకర్‌తో ఎలాగూ సరిగ్గా రాదు, దాన్ని తీసేస్తే గొంతు ఎంత తేటగా వస్తుందో, వాల్యూమ్ ఇంకెంత దూరం వెళ్తుందో మీరే చూస్తారు. అలాంటి సెట్టింగ్ లేకపోతే బేస్‌ని ఒకటి రెండు మెట్లు సున్నా కిందికి దించి వినండి. ఇక్కడితో మీ మూడో వంతు బడ్జెట్‌లో పని అయిపోతుంది. కొన్ని నెలలు ఇలాగే వినండి. చాలామందికి ఇది చాలు.

ఇంకా కావాలనిపిస్తే తర్వాతి మెట్టు నాలుగు చానెళ్ల చిన్న ఆంప్, చానెల్‌కి 50 వాట్లు ఆర్ఎంఎస్ (పీక్ కాదు, నిలకడగా ఇచ్చే పవర్) ఉన్నది. డబ్బా మీద సీటీఏ-2006 అనే కొలత ప్రమాణం పేరు ఉంటే ఆ వాట్లు 14.4 వోల్టుల దగ్గర, 4 ఓమ్స్ మీద, డిస్టార్షన్ (శబ్దం చెడడం) 1 శాతం మించకుండా కొలిచినవని అర్థం, ఆ అంకెని నమ్మొచ్చు. స్పీకర్ వైర్ల నుంచే సిగ్నల్ తీసుకునే హై లెవల్ ఇన్‌పుట్ ఉన్నది చూసుకోండి, స్టీరియో మార్చే అవసరం రాదు. సెకండ్ హ్యాండ్‌లో కొనడానికి నేను ధైర్యంగా చెప్పేది ఆంప్ ఒక్కటే. అందులో కదిలే భాగాలు ఉండవు కాబట్టి నాలుగు చానెళ్లూ మీ ముందే పెట్టి వినిపిస్తే తీసుకోవచ్చు. పాత స్పీకర్ల సంగతి అలా కాదు, లోపల కాయిల్ ఎంత కాలిందో పైకి తెలియదు.

ఆంప్ బిగించే పని మాత్రం తెలిసినవాళ్ల చేత చేయించి, పక్కన నిలబడి చూడండి. బ్యాటరీ నుంచి వచ్చే పవర్ వైరుకి ఫ్యూజ్ తప్పనిసరి, అది బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. ఫ్యూజ్ కాపాడేది ఆంప్‌ని కాదు, ఆ వైరుని. దారిలో ఎక్కడైనా రేకు ఒరుసుకుని షార్ట్ అయితే మంట అక్కడే మొదలవుతుంది. ఇంజిన్ వైపు నుంచి లోపలికి వచ్చే చోట వైరు ఒరుసుకోకుండా కన్నానికి వేసే రబ్బరు గ్రొమెట్ ఉందో లేదో కళ్లారా చూసుకోండి. ఈ సైజు ఆంప్‌కి 8 గేజ్ అసలు రాగి వైరు సరిపోతుంది, రాగి పూత పూసిన అల్యూమినియం వైరు అంటగడితే ఒప్పుకోకండి, అదే లావులో అది తక్కువ కరెంటు మోస్తుంది. ఎర్త్ వైరు పొట్టిగా ఉండాలి, పెయింట్ గీకిన బాడీ రేకుకే బిగించాలి. ఇంజిన్ రేజ్ చేసినప్పుడల్లా స్పీకర్లలో కీ... మని వినిపిస్తే మొదట చూడాల్సింది ఆ ఎర్తే, తర్వాత సిగ్నల్ వైరు పవర్ వైరుని ఆనుకుని వెళ్తోందేమో చూడండి, రెండూ కారుకి చెరో వైపు నుంచి రావాలి. ఆంప్ మీద గెయిన్ అని ఉండేది వాల్యూమ్ నాబ్ కాదు, స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌కి ఆంప్‌ని సరిపెట్టేది. ఈక్వలైజర్ సున్నా మీద పెట్టి, స్టీరియోని ముప్పావు వంతు వాల్యూమ్‌లో ఉంచి, గెయిన్ మెల్లగా పెంచుతూ ఎక్కడ చీలడం మొదలవుతుందో అక్కడినుంచి కొంచెం వెనక్కి తెచ్చి వదిలేయండి. ఈ కాసేపూ చెవుల్లో దూది పెట్టుకున్నా తప్పు లేదు. రోజువారీగా బయటి హారన్, అంబులెన్స్ సైరన్ వినపడేంత వాల్యూమ్‌లోనే వినండి.

బేస్ ట్యూబ్ ప్రశ్న చివరికి మిగిల్చాను, ఎందుకంటే దాని వంతు రావాల్సింది చివర్లోనే. చవక ట్యూబుల్లో చాలావరకు ఒకే స్వరం దగ్గర దడదడలాడతాయి, ఏ పాట పెట్టినా బేస్ ఒకేలా వినిపిస్తుంది, డిక్కీలో సగం చోటు కూడా పోతుంది. చిన్న కారులో మూసిన క్యాబిన్ వల్ల కింది బేస్ దానంతటదే పెరుగుతుంది, కాబట్టి మీకు పెద్ద సబ్ (సబ్‌వూఫర్, బేస్ కోసమే ఉండే స్పీకర్) అక్కర్లేదు. ఆంప్ కూడా లోపలే ఉండే 8 అంగుళాల అండర్ సీట్ సబ్ చాలు, డిక్కీ ఖాళీగానే ఉంటుంది. సీటు కింద ఎత్తు కొలుచుకోండి, సీటు ముందుకీ వెనక్కీ జరిపేటప్పుడు తగలకూడదు, అక్కడ హీటర్ గాలి గొట్టమో ఎయిర్‌బ్యాగ్ కప్లరో ఉంటే దానికి అడ్డం రాకూడదు. బిగించాక లో పాస్ (పెట్టిన అంకె కంటే పై శబ్దాల్ని ఆపే ఫిల్టర్) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి, ఫేజ్ స్విచ్ 0 లోనూ 180 లోనూ అదే పాట డ్రైవర్ సీట్లో కూర్చుని వినండి, ఎందులో బేస్ నిండుగా, ముందునుంచి వస్తున్నట్టు అనిపిస్తే అందులో వదిలేయండి.